వదిన వేలాడదీసిన పొత్రం

మా వదిన పోయిన కబురు నాకు గుడి మెట్ల మీద తెలిసింది. చేతిలో ప్రసాదం దొన్నె ఉంది. మా ఆయన ఫోన్ చేసి, "అప్ప లెగడం లేదే," అన్నారు. అక్కని ఆయన అప్ప అనే పిలుస్తారు. ఆ ఒక్కమాటతో ఫోన్ పెట్టేశారు. దొన్నె పక్కనున్న ఆవిడకిచ్చి ఆటో ఎక్కాను. దారంతా ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. లేవడం లేదంటే నిద్రపోతోందా, అలిగిందా అని. ఇల్లు చేరేసరికి వీధి గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. ఇక ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

నేను పదో తరగతి వరకు చదివినదాన్ని. ఉత్తరాలు తప్ప ఏదీ రాసి ఎరుగను. ఇప్పుడు కలం పట్టడానికి కారణం పెద్దకర్మ నాటి భోజనాలు.

విస్తళ్ల ముందు కూర్చుని అందరూ వదిన గురించే మాట్లాడారు. పక్కింటావిడ, "నేలలో నీళ్లెక్కడున్నాయో సెప్పే మిషను కట్టిందమ్మా, ఎంత తెలివో," అంది. దూరపు చుట్టం ఒకాయన సముద్రం పొంగితే ముందే చెప్పే యంత్రమని అందరికీ వివరించాడు. అదీ సహించాను. అప్పుడు మా ఆయన మజ్జిగ వడ్డిస్తూ, "ఆ యంత్రం వల్లే కదా ఈ ఇల్లు నిలబడింది. ఇల్లు గట్టిదని నాను మొదట్నుంచీ సెప్తానే ఉన్నాను," అన్నారు.

పులుసు గరిటె నా చేతిలో ఆగిపోయింది. ఆయన నావైపు చూడలేదు.

వదిన ఉంటే, ఎవరితో చెప్పావు, ఎప్పుడు చెప్పావు అని అక్కడికక్కడే అడిగేది. ఆవిడ లేదు. నేను నలుగురిలో గొంతెత్తేదాన్ని కాను. కాని అప్పుడే నాకు అనుమానం పట్టుకుంది. పోయిన మనిషి గురించి ఇంకో ఏడాదికి ఇంకెన్ని మాటలు మారిపోతాయో, చివరికి నేను కూడా ఏది నమ్ముతానో అని. అందుకే రాస్తున్నాను. చదివేది ఎవరో నాకు తెలీదు. వెనక గదిలో చెక్కపెట్టె మూత ఎత్తి, పొత్రం పక్కన ఈ కాగితాలు చూసినవాళ్లు. అంటే మా ఇంటివాళ్లే అయి ఉంటారు.

వదిన మా ఆయనకి అక్క. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. మల్కాపురంలో వాళ్ల నాన్నగారు కట్టిన ఈ ఇల్లు అక్కాతమ్ముళ్లిద్దరి పేరు మీదా ఉంది. వెనక వసారా, దాన్ని ఆనుకుని ఉన్న సామాన్ల గది వదినవి. ముందు గదులు మావి. మధ్యలో పూజగది. పెరట్లో, సామాన్ల గది గోడ పక్కనే, తులసికోట.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో వదిన అంటే బెరుకుగా ఉండేది. ఆవిడ దేన్నీ ఉన్నదున్నట్టు నమ్మేది కాదు. గ్యాస్ బండ తూకం వేయకుండా గుమ్మం దాటనిచ్చేది కాదు. పాలచుక్క గోటి మీద వేసి, అది జారే తీరు చూసి గాని గిన్నె తెచ్చేది కాదు. గోడ గడియారం మాట రేడియోని అడిగేది, రేడియో మాట ఫోనుని అడిగేది. ఒకసారి నా పంచాంగం పట్టుకుని వారం రోజులు డాబా ఎక్కి సూర్యోదయం చూసింది. నేను లోపల భయపడుతూనే ఉన్నాను, పంచాంగం తప్పని తేలుస్తుందేమోనని. చివరి రోజు కిందికి దిగి, "నీ పంచాంగంలో తప్పేం లేదమ్మీ. మనకి యారాడ కొండ అడ్డం. రాసినాయనకి కొండ లేదు, అంతే తేడా," అంది. ఆ రోజు నుంచి ఆవిడ అనుమానమంటే నాకు భయం తగ్గింది. అది ఎదుటివాళ్లని పడగొట్టడానికి కాదని తెలిసింది.

"అనుమానించడం తప్పు కాదమ్మీ. అనుమానించి ఊరుకోడం తప్పు," అనేది.

నాకు దేవుడి మీద గురి, ఆవిడకి కొలత మీద. ఒకే గోడకి ఇటు నా దీపం, అటు ఆవిడ బల్ల. ఇన్నేళ్లలో ఆ గోడ మీద ఇద్దరికీ పేచీ రాలేదు. పేచీ బయటనుంచి వచ్చింది.

మా వెనక స్థలంలో అపార్టుమెంటు మొదలుపెట్టారు. పునాదికి ఇనపగొట్టాలు నేలలోకి దిగ్గొట్టే మిషను పగలంతా మోగేది. అరలో గ్లాసులు ఒకదాన్నొకటి తాకి సన్నగా గలగలమనేవి. కొన్నాళ్లకి పూజగదిలో, అప్పన్నస్వామి పటానికి పైన, గోడ మీద వెంట్రుకంత పగులు కనిపించింది. అశుభమని నేను దాని మీద పసుపు మెత్తాను. వదిన వచ్చి చూసి, "పసుపు పూత్తే పగులు మనకి కనబడదు. గోడకి తెలీదేటి? కడిగెయ్," అంది. కడిగాను. పగులు అలాగే ఉంది.

అప్పుడు బిల్డరు తరఫు మనిషి వచ్చాడు. తెల్లచొక్కా, మెడలో రుద్రాక్ష. కుర్చీలో కూర్చోకముందే పూజగది వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. ఎవరూ అడక్కుండా ముందే దణ్ణం పెట్టేవాళ్లని చూస్తే నాకు చెంగు సర్దుకోవాలనిపిస్తుంది.

"ఇదంతా ఒకప్పుడు ఉప్పుటేరమ్మా," అన్నాడతను. "కప్పెట్టి కట్టేసినారు. నేల కుంగతంది. ఇల్లు మీద పడకముందే మాకిచ్చేత్తే కొత్త ఫ్లాటు కట్టిచ్చేత్తాం. లిఫ్టు ఉంతాది, బాబుగారి కాలికి సుఖం."

"మీ మిషను వల్ల ఊగతందని మేం అనుకుంటన్నాం," అంది వదిన.

"ఛ, మా మిషను వల్ల కాదండి."

"కాదని మీకెవరు సెప్పారు?"

"మా ఇంజినీరుగారు."

"ఆయనకెవరు సెప్పారు?"

అతను మా ఆయన వైపు తిరిగి నవ్వాడు. "టీచరమ్మగారు కదా, అందరికీ పరీచ్చ పెట్టేత్తారు."

మా ఆయన నవ్వలేదు. ఆయన పైకప్పు వైపు చూస్తున్నారు. పోర్టులో పనిచేసే రోజుల్లో క్రేను కొక్కెం నుంచి సరుకు జారి ఆయన పాదం మీద పడింది. అప్పటినుంచి ఎడమకాలు ఈడ్చి నడుస్తారు. తల మీద ఏది వేలాడినా కింద కూర్చోరు, ఫ్యాను కింద మంచం వేయనివ్వరు. అతను వెళ్లాక, "అప్పా, సంతకం పెట్టేద్దామే. పడితే ఏటి సేత్తాం?" అన్నారు.

"పడతాదని నీకెలా తెలుసురా?"

"పడదని నీకెలా తెలుసు?"

వదిన కుర్చీ జరిపి లేచింది. "తెలీదు," అంది. "తెలుసుకుంటాను."

సంతకాలు పెట్టాల్సింది వాళ్లిద్దరూ. నా సంతకం ఎవరికీ అక్కర్లేదు. కాని ఆ పటం కింద మా అత్తగారు పెట్టిన దీపాన్ని రోజూ వెలిగించేది నేను. ఫ్లాటులో తులసికోట ఎక్కడ పెడతారని అడగాలనుకున్నాను. అడగలేదు.

ఆ తరవాత ఇంట్లో వస్తువులు మాయమవడం మొదలైంది. మొదట రుబ్బురోలు పొత్రం పోయింది. మిక్సీ వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు గాని, పోతే తెలుస్తుంది కదా. తరవాత పాత రేడియోగ్రామ్‌లో స్పీకరు. తరవాత దీపానికి పెట్టుకున్న ఆముదం సీసాలో మట్టం దిగిపోతూ వచ్చింది. నేను ఎలుకల్ని అనుమానించాను, పనిమనిషిని అనుమానించాను. సీసాకి గుర్తుగా కుంకుమ బొట్టు పెట్టాను. మర్నాడు వదిన సీసా తెచ్చి నా ముందు పెట్టి, "బొట్టు ఎందుకెట్టావో అర్థమైంది. నూనె తీసింది నానే. రా, సూపిత్తాను," అంది.

సామాన్ల గదిలో నేల తవ్వి సిమెంటు దిమ్మ పోయించింది. దిమ్మ మీద ఇనప స్తంభం. స్తంభానికి అడ్డంగా కుళాయి పైపు ముక్క, దాని చివర మా పొత్రం. పైపు పడిపోకుండా స్తంభం పైనుంచి సైకిలు బ్రేకు తీగతో పట్టి ఉంచింది. పొత్రానికి అవతల స్పీకరులోంచి తీసిన అయస్కాంతం, దాని నోట్లోకి దూరీ దూరనట్టు రాగితీగ చుట్ట. మోటార్లు కట్టే కొట్లో కూర్చుని దగ్గరుండి చుట్టించుకుందట. కింద పళ్లెంలో నా ఆముదం, అందులో మునిగి, పైపుకి కట్టిన ఒక రేకు.

"గేటు నిట్టనిలువు స్తంభానికి బిగిత్తే ఎక్కడ వదిలితే అక్కడే ఆగుద్ది. స్తంభం కొంచెం ఒరిగిందనుకో, తనంతట తనే మూసుకుంటాది. సూశావా ఎప్పుడైనా?" అంది.

చూశాను. మా వీధి గేటు అంతే.

"ఇదీ గేటే. నేల కదిల్తే స్తంభం కదుల్తాది. పొత్రం బరువు కాబట్టి వెంటనే కదల్దు, బద్ధకిస్తాది. ఆ తేడా తీగలో కరెంటు పుట్టిస్తాది. అది కంప్యూటర్లో గీతవుద్ది. నూనె లేపోతే ఒకసారి కదిలిన పొత్రం సాయంత్రం దాకా ఊగతానే ఉంతాది. మనుషుల్లాగ."

కంప్యూటరు మా అమ్మాయి అచ్యుతాపురంలో ఉద్యోగానికి వెళ్తూ వదిలేసినది. గాలి తగలకుండా అంతటి మీదా పాత మంచం చెక్కలతో పెట్టె చేయించి మూత పెట్టింది. గీత సరిగా రావడానికి చాలాకాలం పట్టింది. ఒకసారి చీమలు రాగితీగలో కాపురం పెట్టాయి. ఇంకోసారి వారమంతా గీత వంకరపోతే, బల్లి తోక తెగి నూనెలో పడిందని తేలింది. ప్రతిసారీ వదిన ఒకే మాట అనేది: "ముందు యంత్రాన్ని అనుమానించాల. తరవాత నిన్ను నువ్వు. ఆ తరవాతే ఎదుటోళ్లని."

వీధి మాత్రం ఆ వరస పాటించలేదు. గొయ్యి తవ్వారంటే నిధి కోసమని ఒకరు, ఆడమనిషి తలుపేసుకుని పొత్రానికి నూనె పోస్తోందంటే చేతబడేనని ఒకరు. పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి, "నేవీ వోళ్లు పక్కనే ఉన్నారమ్మా, గూఢచారులని పట్టుకుపోతారు, మీ వదినకి సెప్పు," అంది. వదిన ఆవిడని లోపలికి పిలిచి, పెట్టె ముందు నిలబెట్టి, గెంతమంది. గెంతింది. గీత ఎగిరింది. "నీ గూఢచర్యం సేత్తన్నానమ్మా," అంది వదిన. ఆవిడ నవ్వుతూ వెళ్లింది గాని, ఆ తరవాత మా గోడ పక్క నడిచేటప్పుడు మెల్లగా అడుగులు వేసేది.

నెమ్మదిగా గీత చదవడం నాకూ వచ్చింది. గూడ్సు బండి దూరం నుంచి లావవుతూ వచ్చి సన్నబడుతుంది. ఆయిలు ట్యాంకరు చిన్న ముడి వేసి పోతుంది. వెనక మిషను దెబ్బలు రంపపు పళ్లలా ఉండేవి. ఇవేవీ లేనప్పుడు కూడా గీత తిన్నగా ఉండేది కాదు. సన్నగా, ఆగకుండా అలలు పోయేది. "అది సముద్రం," అంది వదిన. "మనకి ఇనబడపోయినా ఒడ్డుని కొడతానే ఉంతాది కదా. ఎక్కడో తుఫాను పుడితే ఇక్కడ గీత లావవుద్ది." నేను నమ్మలేదు. తరవాత ఒకసారి ఆకాశంలో మబ్బుతునక లేని రోజున గీత లావైంది. రెండు రోజులకి హార్బర్లో ప్రమాద సూచిక ఎగరేశారు.

ఒక విషయం మాత్రం వదినకి అంతుపట్టలేదు. రోజూ పొద్దుటే నేల ఊగుతోంది.

"లారీ కాదు, రైలు కాదు. అప్పటికి ఆ మిషనూ మొదలవదు. ఉయ్యాల ఊగినట్టు ఇటూ అటూ," అంది నాతో. సముద్రం పోటుకి నేల ఒరుగుతోందేమోనని పోటూ పాటూ వేళలు చూసింది. పోటు రోజుకో వేళకి వస్తుంది, ఇది మాత్రం రోజూ ఒకే వేళకి. మా ఆయన ఇది విని ముఖం చిన్నబుచ్చుకున్నారు. "సూశావా అప్పా, కుంగతంది. వాళ్లు సెప్పింది నిజమే." ఆ కొద్దిరోజులూ వదిన కూడా మాట్లాడడం తగ్గించింది. తన యంత్రమే బిల్డరు పక్షం సాక్ష్యం చెబుతోందని నేను గ్రహించాను. దీపం దగ్గర నిలబడితే నాకు మంత్రం తప్పిపోయేది.

అంతలో నాకు జ్వరం వచ్చి మంచం దిగలేదు. ఆ రోజు నేల ఊగలేదు. మర్నాడూ ఊగలేదు. మూడోనాడు తలస్నానం చేసి, తడిబట్టతో తులసి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంటే, వదిన పెరటి గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"భూకంపానివి నువ్వేనే అమ్మీ," అంది.

గోడకి అటు పక్క నేను తులసి చుట్టూ తిరుగుతుంటే, నా బరువుకి పెరటి చపటా దగ్గరైనప్పుడు ఇటూ, దూరమైనప్పుడు అటూ ఒరుగుతోంది. కంటికి కనపడని ఒరుగు. పొత్రానికి మాత్రం తెలిసిపోతోంది. నాకు సిగ్గేసింది.

"మానేస్తాను వదినా. లోపలే దణ్ణం పెట్టుకుంటాను."

"మానకు. రోజూ నువ్వు తిరిగినప్పుడు గీత ఊగితే, నా యంత్రం బతికుందని తెలుస్తాది. నీ మొక్కు నీది, నా పరీచ్చ నాది. ఒకే తిరుగుడు."

ఆ రోజు నుంచి నేను ప్రదక్షిణం మొదలుపెట్టగానే గోడ అవతలనుంచి వదిన గొంతు వినిపించేది: "బతికే ఉందమ్మీ." నా పూజకి అది గంటలా అలవాటైపోయింది.

అయితే యంత్రం ఇల్లు ఊగుతోందని చెబుతుంది గాని కుంగుతోందో లేదో చెప్పదు. అందుకని వదిన స్కూలు ల్యాబులో వాడే పల్చటి గాజుపలక ఒకటి తెచ్చి, పగులుకి అడ్డంగా, అటు కొంచెం ఇటు కొంచెం ప్లాస్టర్ పెట్టి గోడకి అతికింది. పగులు ఏ కాస్త విచ్చుకున్నా గాజు విరుగుతుంది. తమ్ముణ్ని పిలిచి చూపించి, "వానాకాలం దాటేదాకా ఇది నిలిత్తే ఇల్లు నిలిచినట్టు. ఇరిగితే సంతకం పెట్టేత్తాను. మాటంటే మాటే," అంది. బిల్డరు మనిషికి కూడా అదే చెప్పింది. అతను గాజు వైపు చూసి మళ్లీ దణ్ణం పెట్టాడు.

వానలొచ్చాయి. మిషను కొడుతూనే ఉంది. రోజూ దీపం వెలిగించి ముందు గాజు చూసేదాన్ని, తరవాత స్వామిని. ఆ వరస తప్పని తెలుసు.

గాజు విరిగిన రోజు వదిన పింఛను పని మీద బ్యాంకుకి వెళ్లింది. నేను బజారుకి వెళ్లాను. మిషనుకి కూడా ఏదో మరమ్మతొచ్చి ఆ రోజంతా ఆపేశారు. తిరిగొచ్చేసరికి మా ఆయన ముందుగదిలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. "గాజు పోయిందే," అన్నారు, పేపరు దించకుండా.

వదిన వచ్చింది. విరిగిన పలక చూసింది, వేలితో తాకలేదు. నేరుగా వెనక గదిలోకి వెళ్లి, కాసేపయ్యాక నన్ను పిలిచింది. గీతని వెనక్కి జరిపి పగలు పన్నెండు ప్రాంతాల దగ్గర ఆపింది. అంతకుముందు సముద్రం. తరవాత అడుగులు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆ అడుగులు పూజగది గోడ దాకా వచ్చి ఆగాయి. ఎవరైనా వచ్చి నిలబడితే గీత ఒక పక్కకి ఒంగుతుంది, వాళ్లు వెళ్లిపోయినప్పుడు రెండో పక్కకి ఒంగుతుంది. అలా ఒంగి, కాస్త ఆగి, మళ్లీ రెండో పక్కకి ఒంగింది. మళ్లీ పెద్దది, చిన్నది. మళ్లీ సముద్రం. నేల కదిలిన జాడ ఎక్కడా లేదు.

"ఏటి సూశావు?" అంది వదిన.

"నాకు తెలీదు వదినా."

"తెలిసింది కాబట్టే తెలీదంటన్నావు." గొంతులో కోపం లేదు. "ఆగు. ముందు యంత్రాన్ని అనుమానించాల." అక్కణ్నుంచే కేకేసింది. "ఒరే తమ్ముడూ, పూజగది కిటికీ తలుపు కొట్టుకుంటంది, ఏసి రారా."

ఆయన లేచి వచ్చారు. మేమిద్దరం గీత చూస్తూ నిలబడ్డాం. పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది. కిటికీ తలుపు పడిన చప్పుడు. ఆయన వెళ్లిపోయారు. వదిన కుర్చీలో కూర్చుని కళ్లజోడు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

నేను అప్పన్నని తలుచుకున్నాను. ఆవిడ ఇప్పుడు ముందుగదిలోకి వెళ్లి ఒక్కమాట అంటే, ఈ ఇంట్లో అక్కాతమ్ముళ్లనే మాట ఉండదు. అనకపోతే ఇల్లు ఉండదు. ఏది నిలవాలని మొక్కుకోవాలో కూడా నాకు తోచలేదు.

వదిన ముందుగదిలోకి వెళ్లలేదు. మర్నాడు పొద్దుట ప్లాస్టర్ కలిపి, కొత్త పలక తీసి, తమ్ముణ్ని పిలిచింది.

"ఇలా పట్టుకోరా. నా సెయ్యి వణుకుతంది. ఆరేదాకా కదలకూడదు."

ఆయన పూజగదిలో, ఎత్తున వేలాడే గంట కిందే, చెయ్యి పైకెత్తి పలకని గోడకి ఆనించి నిలబడ్డారు. ఆ గంట కింద ఆయన నిలబడగా నేను అంతవరకు చూడలేదు. వదిన పక్కనే ఉంది. నేను గుమ్మం దగ్గర పువ్వులు ఏరుతున్నాను.

"గట్టిగా నొక్కకు. గాజది," అంది వదిన.

"నొక్కడం లేదు."

వదిన ప్లాస్టర్ అంచులు వేలితో సర్దింది.

"అప్పా, ఇదీ ఇరిగితే?"

"సంతకం పెట్టేత్తానని సెప్పాను కదరా. ఎన్నిసార్లయినా అదే మాట."

ఆయన రెండో చెయ్యి కూడా తెచ్చి పలకకి ఆనించారు.

"ఇరగదులే," అన్నారు.

ప్లాస్టర్ ఆరాక కూడా ఆయన చెయ్యి తీయలేదు. వదినే మెల్లగా తీసింది.

తరవాత వదిన నాతో ఆ సంగతి ఒక్కసారే మాట్లాడింది, చిక్కుళ్లు ఒలుస్తూ. "ఆడు అత్యాశకి సేసింది కాదమ్మీ. గోడ పడతాదని నిజంగానే బయం. బయపడ్డోడు సాక్ష్యం వచ్చేదాకా ఆగలేడు, తనే తయారు సేసుకుంటాడు." మరి నువ్వు నమ్మావా, గోడ పడదని, అని అడిగాను. "నాకూ అనుమానమే. అందుకే రోజూ సూత్తన్నాను," అంది.

ఆ గాజు ఇప్పటికీ ఉంది. వానాకాలం దాటింది, అపార్టుమెంటు లేచింది, మిషను వెళ్లిపోయింది. ప్లాస్టర్ మీద మసి పట్టింది, గాజు మాత్రం నేను తుడుస్తాను. బిల్డరు మనిషి మళ్లీ రాలేదు. మా ఆయన ఎప్పుడైనా పూజగదిలోకి వస్తే ముందు గాజు వైపు చూసి, తరవాత స్వామికి దణ్ణం పెడతారు. ఆ వరస నాకొక్కదానికే తెలుసనుకుంటాను.

తరవాతి రోజులు నెమ్మదిగా గడిచాయి. ఒక మధ్యాహ్నం గీత ఎన్నడూ లేనంత పెద్ద పెద్ద అలలతో, చాలా నెమ్మదిగా ఊగింది. మాకు కాలికింద ఏమీ తెలియలేదు. వదిన సంబరపడలేదు. పిల్లి దూరిందేమోనని పెట్టె కింద చూసింది, నూనె చూసింది, నన్ను తులసి దగ్గరకి వెళ్లావా అని అడిగింది. సాయంత్రం టీవీలో చెప్పారు, ఎక్కడో సముద్రాల అవతల భూకంపమని, ఇళ్లు కూలాయని. నేను పూజగదిలోకి వెళ్లి ఇంకో దీపం పెట్టబోతే నూనె చాల్లేదు. వదిన తన పళ్లెంలోంచి గరిటెతో ఆముదం తీసి తెచ్చింది. "నీదే కదా, పెట్టు," అని నేను దణ్ణం పెట్టుకున్నంతసేపూ పక్కనే నిలబడింది. ఆవిడ చేతులు జోడించిందో లేదో నేను కళ్లు తెరిచి చూడలేదు.

పోయిన రోజు పొద్దుట నేను ప్రదక్షిణం చేశాను. గోడ అవతలనుంచి "బతికే ఉందమ్మీ" అని వినిపించింది. గొంతులో ఏ తేడా లేదు. నేను గుడికి బయల్దేరాను.

అంతా అయిపోయాక, చుట్టాలు వెళ్లాక, వెనక గదిలోకి వెళ్లాను. యంత్రాన్ని ఎవరూ ఆపలేదు. గీత వెనక్కి జరపడం వదిన నేర్పినదే. ఆ రోజు పొద్దుట నా ఉయ్యాల ఉంది. తరవాత వదిన అడుగులు, చిన్నవి, తేలిగ్గా. గీత ఒక పక్కకి ఒంగింది, కుర్చీలో కూర్చున్నట్టు. ఆ తరవాత సముద్రం. చాలాసేపు సముద్రం. రెండో పక్కకి ఒంగలేదు. వచ్చిన గుర్తు ఉంది, వెళ్లిన గుర్తు లేదు.

తరవాత పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది. ఆయన వచ్చారు. నిలబడ్డారు. చూసిన వెంటనే నాకు ఫోన్ చేశానని ఆయన అందరితో చెప్పారు, నాతో కూడా. గీత అలా చెప్పడం లేదు. ఆయన వచ్చి నిలబడ్డాక, కదలకుండా, ఆవిడ పక్కనే ఉండిపోయారు. ప్లాస్టర్ ఆరడానికి పట్టినదానికంటే ఎక్కువసేపు. అప్పుడు గాని నాకు ఫోన్ రాలేదు; నా ఫోన్‌లో పడిన వేళతో సరిచూసుకున్నాను.

ఇది కూడా ఆయన్ని అడగలేదు. అనుమానించి ఊరుకోవడం తప్పని వదిన అనేది కదా. నేను ఊరుకోలేదు, చూశాను. చూశాక ఊరుకున్నాను.

ఈ కాగితాలు ఉంచండి, ఎవరికీ చూపించకండి. ఆయన ఉన్నంతకాలం ఇల్లు గట్టిదని మొదట్నుంచీ చెప్పినవారు ఆయనే కానివ్వండి. చదివేశాక పొత్రానికి తగలకుండా పక్కన పెట్టి, మూత మెల్లగా దించండి. మీరు వచ్చి నిలబడ్డ సంగతి ఈపాటికే గీతలో పడి ఉంటుంది. వెళ్లేటప్పుడు కూడా పడుతుంది.